ఆయనమాను అసలు పేరు

ఉదయశిల రాజ్యంలో ఒకనాటి ఉదయం తలుపులేవీ తెరుచుకోలేదు.

పాలు పిండడానికి లేచినవాళ్ళు కొట్టం తలుపు లాగారు. అది కదల్లేదు. ఆరుబయట పడుకున్న రైతులు నాగలి భుజాన వేసుకుని పొలం వెళ్తే అది నేలలో దిగనని మొరాయించింది. రోకళ్ళు దంచేవాళ్ళ చేతుల్లోంచి జారి వాళ్ళ కాళ్ళ మీదే పడ్డాయి. కోట సింహద్వారాన్ని ఏనుగు చేత తోయించినా లాభం లేకపోయింది. చివరికి భీమధ్వజ మహారాజు కిటికీలోంచి తాడు పట్టుకుని కిందికి దిగాడు. ఆయన కిరీటం సగం దారిలోనే ఊడి కందకంలో పడింది.

మొరాయించిన వస్తువులన్నీ ఒకే చెట్టు కలపతో చేసినవి. ఆ చెట్టును రాజ్యంలో అందరూ 'ఆయనమాను' అనేవారు. ఎంత గొప్ప చెట్టో చెప్పాలంటే మాటలు చాలవు. దానికి చెద పట్టదు. నీళ్ళలో నానినా కుళ్ళదు. ఉలి పెడితే వెన్నలా లొంగుతుంది, బరువు పెడితే ఇనుములా నిలుస్తుంది. పుట్టిన బిడ్డను పడుకోబెట్టే ఉయ్యాల మొదలుకొని ఇంటిని నిలబెట్టే దూలం వరకూ ఉదయశిలలో అన్నీ ఆయనమాను కలపే.

కోట ఎదుట ఉన్న అన్నిటికంటే పెద్ద ఆయనమాను చిటారుకొమ్మ మీద ఆ ఉదయం ఒక రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా బెరడు. చెట్టు కణుపుల్లాంటి గుండ్రటి కళ్ళు. వాడే కొయ్యకంటి.

"రాజా! ఈ చెట్టు ఎవరిది?" అని గర్జించాడు వాడు.

"మాది. మా తాతముత్తాతలది," అన్నాడు రాజు.

"అయితే దీని పేరు?"

"ఆయనమాను."

"ఆయన అంటే ఎవరు?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి పురోహితుడి వైపు చూశాడు. పురోహితుడు ఆకాశం వైపు చూశాడు.

కొయ్యకంటి కొమ్మలు ఊగేలా నవ్వాడు. "మీ గొడ్డుకు పేరు పెట్టుకుంటారు. మీ కుక్కకు పేరు పెట్టుకుంటారు. పేరు తెలియని సొత్తు దొరికినవాడిది. ఇది అడవి ధర్మం. రాజుకైనా రాక్షసుడికైనా ఒకటే. ఈ చెట్టు నాది. దీంతో చేసిన ప్రతి వస్తువూ నాది. దీని ఉయ్యాలలో ఊగి, ఇంకా పాలపళ్ళు ఊడని పిల్లలందరూ నావాళ్ళే. కాళ్ళ నుంచి మెల్లగా కొయ్యబారిపోతారు. గుండె కూడా కొయ్య అయిందంటే ఇక వాళ్ళు నా బొమ్మలు!"

జనం హాహాకారాలు చేశారు. రాజు కత్తి దూశాడు. కత్తి పిడి ఆయనమానుదే కావడంతో అది ఆయన చేతిలోంచి ఎగిరి వెళ్ళి రాక్షసుడి ఒళ్ళో పడింది.

"దీనికి విరుగుడు లేదా?" అని రాజు మొరపెట్టుకున్నాడు.

"ఉంది. ఈ చెట్టు అసలు పేరు, ఆ పేరుకు అర్థం, అది ఎలా పుట్టిందో ఆ వైనం, మూడూ చెప్పినవాళ్ళకు అంతా తిరిగి ఇచ్చేస్తాను. కానీ చెప్పగలిగినవాళ్ళు ఈ రాజ్యంలో లేరు. వెతుక్కునే తొందరలో పడిపోకండి, మీ తలుపులు ఎలాగూ తెరుచుకోవు!"

రాజు వెంటనే దండోరా వేయించాడు. పేరు తెచ్చినవారికి సగం రాజ్యం ఇస్తానన్నాడు.

దుగ్గన్న అనే కట్టెలు కొట్టేవాడి కూతురు సిరియాలికి సగం రాజ్యం మాట చెవికెక్కనే లేదు. అప్పుడామె తమ్ముడు కూచన్న పక్కన కూర్చుని ఉంది. వాడికి అయిదేళ్ళు. మంచం మీద కూర్చుని రెండు పాదాలూ ఒకదానికొకటి తాటిస్తున్నాడు.

"అక్కా, విను. టక్ టక్‌మంటోంది! నా కాళ్ళు చెక్క భజన చేస్తున్నాయి," అని కిలకిలా నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేశాడు. "అక్కా, నువ్వు గిల్లితే తెలియడం లేదు."

సిరియాలి లేచింది. ఆమెకు పదహారేళ్ళు. గొడ్డలి పట్టడంలో తండ్రికి తీసిపోదు. గొడ్డలి భుజాన వేసుకుని, కొంగున అటుకులు మూటగట్టుకుంది.

"ఎక్కడికే?" అంది తల్లి అంకమ్మ.

"ఆ పేరు ఎక్కడుంటే అక్కడికి."

"ఎక్కడుందో తెలియకుండా ఎలా పోతావే?"

"తెలిస్తే ఇంకొకరెవరైనా తెచ్చి ఉండేవాళ్ళు కదమ్మా," అంటూ కిటికీలోంచి దూకింది సిరియాలి.

అడవిలో కొంత దూరం పోయేసరికి వెనక నుంచి చిటచిట చప్పుడైంది. నేల మీద పడి ఉన్న ఆయనమాను ఎండుకొమ్మలు ఒకదానితో ఒకటి అల్లుకుని, నాలుగు కాళ్ళు మొలిచి, వేటకుక్కలై లేస్తున్నాయి. కొయ్యకంటి పంపిన కుక్కలవి. మాటకైనా మొరగవు, మాంసం చూసినా ఆగవు.

సిరియాలి గొడ్డలి ఎత్తింది. ఎత్తిన గొడ్డలి గాలిలోనే గిర్రున తిరిగి ఆమె మోకాలి మీదకే దిగింది. వెంట్రుకవాసిలో తప్పించుకుంది. గొడ్డలి పిడి కూడా ఆయనమానుదేనని అప్పటికి గానీ ఆమెకు తట్టలేదు! దాన్ని విసిరేసి పరుగెత్తింది. ముళ్ళు గీరుకున్నాయి, రాళ్ళు గుచ్చుకున్నాయి. మడమల దగ్గర చెక్క పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఇక దొరికిపోయాననుకున్న క్షణంలో చెట్ల మధ్య నుంచి భగ్గున మండే కొరివి ఒకటి వచ్చి కుక్కల ముందు పడింది. కొయ్యకు నిప్పంటే ఎంత భయమో చెప్పాలా? కుక్కలు కుయ్యోమనకుండానే వెనక్కి పారిపోయాయి.

కొరివి విసిరింది జటిలముని. పొడుగాటి గడ్డం, పుల్లల్లాంటి కాళ్ళు. "నా హోమానికి ఒక కట్టె తక్కువైంది. కూర్చో బిడ్డా, కాసిని నీళ్ళు తాగు," అన్నాడు.

సిరియాలి సంగతంతా చెప్పి, "స్వామీ, మీకు ఆ చెట్టు పేరు తెలుసా?" అని అడిగింది.

"నేను దాన్ని 'శ్రమహరం' అంటాను. తపస్సుతో అలసిన ఒంటికి దాని నీడ చాలు. మధ్యాహ్నపు ఎండను తన నెత్తిన వేసుకుని నన్ను చల్లగా ఉంచుతుంది. ఎంత దొడ్డ చెట్టు!" అని కళ్ళు మూసుకుని ఒక్క క్షణం తలవంచాడు. తరువాత కళ్ళు తెరిచి, "కానీ అది నేను పెట్టుకున్న పేరు తల్లీ. అబద్ధం చెప్పను. అసలు పేరు నాకు తెలియదు," అన్నాడు.

సిరియాలి ముఖం వాడిపోయింది.

"దిగులు పడకు. చెట్టు ఎక్కడ పుట్టిందో మాట కూడా అక్కడే పుట్టి ఉంటుంది. దీని గింజలు ఏటి వెంట ఎగువ నుంచి దిగువకు కొట్టుకొచ్చాయి. నువ్వు ఏటికి ఎదురు పో. పైకి పోయేకొద్దీ చెట్లూ పాతవి, మాటలూ పాతవి. ఏరు పుట్టిన కొండ మీద ఒక ఇల్లుందంటారు. నేనూ పోదామనుకున్నాను, నా మోకాళ్ళు ఒప్పుకోలేదు."

ముని చేతికిచ్చిన కొరివి ఆరిపోయేలోపే సిరియాలి ఏటి ఒడ్డుకు చేరింది. ఏరు నిండుగా పారుతోంది. అది పుట్టిన కొండ అవతలి ఒడ్డున ఉంది. రేవులో పడవ ఉంది. కానీ అది ఆయనమాను పడవ. ఎక్కితే తిన్నగా సుడిగుండంలోకే తీసుకుపోతుంది. నీటి మీద పెద్ద పెద్ద దుంగలు కాపలా భటుల్లా ప్రవాహానికి ఎదురు తిరుగుతున్నాయి. ఒక కొంగ నీటి మీద వాలబోతే రెండు దుంగలు చెరోవైపు నుంచి వచ్చి చప్పట్లు కొట్టినట్టు కొట్టుకున్నాయి. కొంగ ఈకలు నాలుగు మిగిలాయి.

"ఈదుదామనుకుంటున్నావా? నీకు ఆ కొంగ దారినే పోవాలని ముచ్చటగా ఉన్నట్టుందే," అన్న మాట వినపడింది.

ఒడ్డున బురదలో ఒక ముసలి మొసలి పడుకుని ఉంది. సిరియాలి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"అదిగో, అందరూ అంతే! పలకరిస్తే పారిపోతారు. కాస్త ధైర్యం ఉన్నవాళ్ళయితే రాళ్ళు వేస్తారు," అంది మొసలి విసుగ్గా.

"తాతా, నన్ను అవతలి ఒడ్డుకు చేరుస్తావా? మా తమ్ముడు కొయ్యబారిపోతున్నాడు."

"చేరుస్తాను. నీళ్ళలో ఏది నేనో ఏది దుంగో పోల్చుకోవడం చేపలకే చేతకాదు, ఆ మొద్దులకేం చేతనవుతుంది? నా వీపు మీద బోర్లా పడుకో. కానీ ఒక్కసారి వణికావంటే పసిగడతాయి. నా మీద నమ్మకం లేకపోతే వణుకు రాక మానదు. నీ ఇష్టం."

సిరియాలి ఒక్క క్షణం ఆ పళ్ళ వైపు చూసింది. తమ్ముడి పాదాల టక్ టక్ చెవిలో మోగింది. వెళ్ళి మొసలి వీపు మీద పడుకుని కళ్ళు మూసుకుంది.

ఏటి నడుమకు వచ్చేసరికి ఒక దుంగ వచ్చి వాళ్ళను ఒరుసుకుంది. గరుకు బెరడు ఆమె చెంపను గీసింది. ఇంకో దుంగ రెండో పక్క చేరింది. రెండూ వాసన చూస్తున్నట్టు మెల్లగా కదిలాయి. సిరియాలి ఊపిరి బిగబట్టింది. చెంప మీద రక్తం చుక్క జారి మొసలి వీపు మీద పడింది. ఆకలిగొన్న మొసలి వీపు మీద! మొసలి కూడా కదల్లేదు. దుంగలు తప్పుకుని వెళ్ళిపోయాయి.

అవతలి ఒడ్డున దిగాక, "రక్తం వాసన వచ్చింది కదా తాతా, నోరూరలేదా?" అని అడిగింది.

"ఊరింది. కానీ ఇన్నేళ్ళకు నా వీపు మీద కళ్ళు మూసుకున్నదానివి నువ్వొక్కతివే. అటువంటిదాన్ని తింటే అరుగుతుందా?" అంది మొసలి. "మేం ఆ చెట్టును 'తేలేది' అంటాం. వరదలొచ్చినప్పుడు మా పిల్లలు దాని కొమ్మలెక్కి బతికేవి. రాక్షసుడు పట్టకముందు అదెంత మంచిదో! పేరు దొరికితే మా పిల్లలక్కూడా చెప్పు."

ఏటి పక్కనే కొండ మొదలైంది. గోడలా నిట్టనిలువుగా ఉంది. మొదటి మలుపులో ఒక ఎలుగుబంటి దారికి అడ్డంగా నిలబడి గుండెలు బాదుకుంటోంది. పైన రాతి అంచు మీద దాని పిల్ల చిక్కుకుపోయి అరుస్తోంది. ఆయనమాను కొమ్మలు రెండు రాక్షసుడి ఆజ్ఞతో ఎలుగును దగ్గరికి రానివ్వకుండా కొరడాల్లా ఝళిపిస్తున్నాయి.

"దారి వదులు తల్లీ, నాకు తొందర," అంది సిరియాలి.

"నీ తొందర నాకెందుకు? నా బిడ్డ కిందికి దిగకుండా ఎవరూ ఇటు పోరు, అటు రారు!" అని ఎలుగు పళ్ళు చూపింది.

సిరియాలి కొండ ఎక్కింది. వేళ్ళు పట్టే సందులు వెతుక్కుంటూ, ఝళిపించే కొమ్మల కిందుగా పాకుతూ పిల్లను చేరింది. అది భయంతో ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, వీపెక్కి, గోళ్ళు దింపింది. కిందికి దిగేటప్పుడు కొమ్మలు ఆమె భుజాలను చీరేశాయి. అయినా ఆమె రెండు చేతులూ రాయి వదల్లేదు. పిల్ల బరువు అడుగడుక్కీ పెరుగుతున్నట్టు అనిపించింది. తీరా కింద దించాక చూస్తే అది గంపెడంత కూడా లేదు.

ఎలుగు పిల్లను నాకి, సిరియాలి భుజాల మీద తేనె రాసింది. "మేం దాన్ని 'తేనెగూటి చెట్టు' అంటాం. ఎన్ని తేనెపట్లు వేలాడినా దాని కొమ్మ వంగదు. కొండ మీద ఇంట్లో ఒక ముసలమ్మ ఉంది. పేరు ఆమెకే తెలుసంటారు. పో. నీ వెనక వచ్చే కుక్కలను నేను చూసుకుంటాను," అంది.

కొండ మీద మొట్టమొదటి ఆయనమాను ఉంది. ఆ చెట్టు ముందు కోట ఎదుటి చెట్టు దాని కొమ్మలా కనిపిస్తుంది. నూరుమంది చేతులు కలిపినా దాని మొదలు చుట్టిరాదు. రాజ్యంలోని చెట్లన్నీ రాక్షసుడికి లొంగాయి కానీ ఇది లొంగలేదు. ఎందుకంటే పేరు తెలిసిన మనిషి దీని నీడలోనే ఉంది. చెట్టు కింద ఒక చిన్న మట్టి ఇల్లు, దాని అరుగు మీద ముత్తయిదువలా బొట్టు పెట్టుకున్న ఒక ముసలమ్మ. ఎన్ని వందల ఏళ్ళదో చెప్పలేం. ముఖం నిండా ముడతలు, కళ్ళు మాత్రం పదహారేళ్ళవి.

"అవ్వా, ఈ చెట్టు పేరు నీకు తెలుసా?"

"తెలియకేం?"

సిరియాలి గుండె ఎగిరిపడింది. "అయితే చెప్పు!"

"అయ్యో రాత! ఆయన పేరు నేనెలా చెబుతానే?" అంది అవ్వ చెంపలు వేసుకుంటూ. "అది మా ఆయన పేరు."

సిరియాలి అక్కడే కూలబడింది. అవ్వ ఆమె తల నిమిరి, కథ చెప్పింది.

"కొండల అవతల మా దేశంలో కరువొచ్చింది. జనం ఇళ్ళు వదిలి బయలుదేరారు. మా ఆయన బతుకుతెరువు బరువులు మోయడం. ఆ పనిని బట్టే ఆ పేరు. దారిలో ఎవరి మూట బరువైతే వాళ్ళ మూట ఎత్తుకున్నాడు. నడవలేని పిల్లలను వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆయన సొంత మూట ఏమిటో తెలుసా? మట్టితో సహా తడిగుడ్డలో చుట్టిన ఒక మొక్క. 'గింజలు తెచ్చుకోవాలి గానీ మొక్కేమిటి?' అని అందరూ నవ్వారు. 'గింజలు మనం తింటే అయిపోతాయి. నేను పోయాక వీళ్ళను మోయడానికి ఇదొకటి ఉండాలి' అన్నాడు. తన వంతు నీళ్ళు దానికే పోశాడు. ఈ కొండ మీద నాటాడు. మొక్క మాను అయింది. ఆయన వీపెక్కి కొండలు దాటిన పిల్లలు ఈ కొమ్మలెక్కి ఊగుతూ, దీన్ని కూడా ఆయన పేరుతోనే పిలిచారు. తరువాత జనమంతా కలిసి ఆయన్నే రాజును చేశారు. మీ ఉదయశిలకు మొదటి రాజు ఆయనే."

"మరి ఆ పేరు ఎందుకు పోయింది అవ్వా?"

"ఎవరు పలుకుతారు చెప్పు? భర్త పేరని నేను పలకలేదు. మామగారి పేరని నా కోడళ్ళు పలకలేదు. రాజుగారి పేరని మగవాళ్ళు పలకలేదు. నేను 'ఆయన మాను' అంటే ఊరంతా అదే అంది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, మర్యాద నేర్చుకుని, వాళ్ళూ మానేశారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు తల్లీ. గౌరవంతోనే మరిచిపోయారు." అవ్వ నిట్టూర్చింది. "ఆ పేరు ఒకరికి అప్పగించేదాకా నాకు చావు లేదు. చెబుదామంటే నోరు రాదు. ఆయన పోయి ఎన్నాళ్ళయినా ఇంటి లోపల నాకోసం చూస్తున్నట్టే ఉంటుంది."

అర్థం తెలిసింది, పుట్టుక తెలిసింది, పేరొక్కటే మిగిలింది. సిరియాలి బతిమాలింది. కాళ్ళు పట్టుకుంది. తమ్ముడి సంగతి చెప్పి ఏడ్చింది. అవ్వ కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నోరు తెరిచింది, పెదవులు కదిలాయి, కానీ మాట రాలేదు. పెళ్ళయినప్పటి నుంచి వచ్చిన అలవాటు గొంతుకు అడ్డం పడింది. కింద నుంచి కుక్కల చప్పుడూ, ఎలుగు గర్జనా వినవస్తున్నాయి.

"ఉండు, ముందు నీకు మంచినీళ్ళు తెస్తాను," అని అవ్వ కుండ తీసుకుని ఊటకు వెళ్ళింది.

ఆమె వెనుతిరిగి వచ్చేసరికి సిరియాలి ఇంటి గడప మీద నిలబడి ఉంది. రెండు చేతులూ చాచి రెండు వైపులా ద్వారబంధం పట్టుకుంది. మొన్న మాఘమాసంలో పెదనాన్న కొడుకు పెళ్ళయినప్పుడు తాను చేసిన పని ఆమెకు అప్పుడే తట్టింది. కొత్త కోడలు అత్తగారింట అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచు గడపకు అడ్డం నిలుస్తుంది. మొగుడి పేరు చెప్పనిదే లోపలికి రానివ్వదు. జన్మంతా పలకకూడని పేరును ఆ ఒక్కచోట పలికి తీరాలి. పలకకపోతేనే తప్పు!

"తప్పుకోవే, కుండ బరువుగా ఉంది," అంది అవ్వ.

"తప్పుకోను వదినా," అంది సిరియాలి. "మా అన్న పేరు చెప్పి లోపలికి రా."

అవ్వ నిలబడిపోయింది. కుండలో నీళ్ళు తొణికాయి. ముడతల చెంపలు ఎర్రబడ్డాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోవే గడుసుదానా! సిగ్గేస్తోంది," అంది.

"సిగ్గుపడితే బయటే ఉండు. మా అన్నకు ఇంకో పెళ్ళి చేసుకుంటాంలే!"

"ఓహో, ఎవరొస్తుందో నేనూ చూస్తాను!" అంటూ అవ్వ పకపకా నవ్వింది. తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ, కొత్త పెళ్ళికూతురి గొంతుతో అంది:

"కొండంత బరువెత్తి కుంగనివాడు,
కొంగు ముడి వేసి నన్ను తెచ్చినవాడు,
నేనూ, మోపరీ వచ్చాం. దారి వదులు ఆడబిడ్డా!"

మోపరి! మోపులు మోసేవాడు, అందరి బరువూ తన మీద వేసుకునేవాడు!

మాట వినగానే చెట్టు ఆకులన్నీ ఒక్కసారి గలగలలాడాయి. సిరియాలి చేతులు దించి పక్కకు తప్పుకుంది. అవ్వ కుడికాలు ముందుపెట్టి గడప దాటింది. లోపల నుంచి, పెద్ద మోపు దించుకున్నవాడు ఊపిరి వదిలినట్టు, ఒక మగ గొంతు వినిపించింది. "వచ్చావా? చాలాసేపు చేశావు."

సిరియాలి లోపలికి తొంగిచూసింది. అక్కడ ఎవరూ లేరు. గడప అవతల నీళ్ళ కుండ ఒక్కటే ఉంది.

ఆమె చెట్టుకు దండం పెట్టి, "మోపరీ, నన్ను మా తమ్ముడి దగ్గరకు చేర్చు," అంది. పడవంత కొమ్మ ఒకటి మెల్లగా వంగి ఆమె ముందు వాలింది. దాని మీద కొండవాలున జర్రున జారింది. ఎలుగును చుట్టుముట్టిన కుక్కలను "మోపరీ!" అని కేక వేసి పిలిచేసరికి అవి కట్టెపుల్లలై రాలిపోయాయి. ఏటిలో దుంగలన్నీ బారులు తీరి ఆమెను ఒకదాని మీది నుంచి ఒకదానికి అందించాయి. మధ్యలో మొసలి తల పైకెత్తింది. "పేరు మోపరి తాతా, నీ పిల్లలకు చెప్పు!" అని అరుస్తూ సాగిపోయింది.

ఉదయశిలలో కోట ఎదుట తల్లులందరూ పిల్లలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కూచన్న ఛాతీ దాకా కొయ్యబారాడు. మాట పోయింది. కళ్ళు మాత్రం వీధి మలుపు వైపే చూస్తున్నాయి. కొయ్యకంటి చిటారుకొమ్మ మీద కాళ్ళూపుతూ పిల్లలను లెక్కపెట్టుకుంటున్నాడు.

సిరియాలి తడిసిన బట్టలతో, చీరుకుపోయిన భుజాలతో వచ్చి చెట్టు కింద నిలబడింది.

"దిగు. దీని పేరు మోపరి," అంది.

చెట్టు జలదరించింది. రాక్షసుడి ముఖం మీద బెరడు పగిలింది. కానీ వాడు పట్టు వదల్లేదు. "పేరు ఎవరైనా తెస్తారు. అర్థం?"

"బరువు మోసేవాడు. మునికి ఎండ మోసింది, ఎలుగుకు తేనె మోసింది, మొసలి పిల్లలను వరదలో మోసింది. మా ఇళ్ళన్నీ మోస్తోంది."

"పెద్ద పేరే!" కొయ్యకంటి పళ్ళు పటపటలాడించాడు. "అంత గొప్ప పేరు పెట్టిందెవరు? రాజా? రాణీనా? మహర్షా? ఆలోచించి చెప్పు. తప్పితే నీ తమ్ముడి గుండె నాది!"

"మొదటి రాజే అయి ఉంటాడు, అదే చెప్పు అమ్మాయీ," అని మంత్రి వెనక నుంచి గుసగుసలాడాడు. సిరియాలి అటు చూడలేదు.

"పిల్లలు!" అంది. "కరువులో మోపరి అనే కూలివాడు ఈ మొక్కనూ, నడవలేని పిల్లలనూ మోసుకుంటూ కొండలు దాటాడు. అతని వీపెక్కిన పిల్లలే ఈ కొమ్మలెక్కి దీనికి అతని పేరు పెట్టారు. తరువాత అతను రాజయ్యాడు. గౌరవం కొద్దీ మేం పేరు పలకడం మానేశాం. అంతే గానీ చెట్టును వదులుకోలేదు. మోపరీ! విన్నావు కదా. వీణ్ణి కూడా మొయ్యాలో వద్దో నీ ఇష్టం."

తరతరాలుగా ఎవరినీ వద్దనని చెట్టు మొట్టమొదటిసారి వద్దనుకుంది. చిటారుకొమ్మ ఒక్కసారి ఎగరేసి తప్పుకుంది. కొయ్యకంటి కొమ్మ కొమ్మనూ పట్టుకోబోయాడు. ప్రతి కొమ్మా వాడి చేతికి అందకుండా పక్కకు జరిగింది. దభీమని నేల మీద పడి, గుప్పెడు రంపపుపొట్టయి గాలికి ఎగిరిపోయాడు.

రాజ్యమంతటా తలుపులు దడదడా తెరుచుకున్నాయి. సిరియాలి జనాన్ని తోసుకుంటూ తమ్ముడి దగ్గరకు పరుగెత్తి వాడి కాలు గిల్లింది.

"అబ్బా!" అని అరిచాడు కూచన్న. "అక్కా, గిల్లకు! కాళ్ళనిండా తిమ్మిరి. చీమలు పాకుతున్నాయి."

"పాకనీ నాన్నా, పాకనీ," అంటూ సిరియాలి వాణ్ణి గుండెలకు హత్తుకుని నవ్వుతూ ఏడ్చింది.

మంత్రి రాజు చెవి దగ్గర చేరి, "ప్రభూ, మన మూలపురుషుడు మోపులు మోసేవాడన్న మాట బయటికి పోకుండా..." అని నసిగాడు.

"బయటికి పోకుండా కాదు, సింహద్వారం మీద చెక్కించు. పెద్ద అక్షరాలతో," అన్నాడు భీమధ్వజుడు. తరువాత సిరియాలి వైపు తిరిగి, "అమ్మా, అన్న మాట ప్రకారం సగం రాజ్యం నీది," అన్నాడు.

"నాకు రాజ్యం ఎందుకు మహారాజా? మోయడం చేతకాదు."

"చీరుకుపోయిన ఆ భుజాలను చూస్తే అలా అనిపించడం లేదే! సగం వద్దంటే మొత్తం తీసుకో. నాకు బిడ్డలు లేరు. ఇక నువ్వే నా బిడ్డవు."

సిరియాలి తండ్రి ముఖం చూసింది. దుగ్గన్న తలూపాడు. అంకమ్మ మాత్రం, "ముందు అది ఇంటికొచ్చి అన్నం తినాలి మహారాజా, తరువాత ఏలుతుంది," అంది.

అన్నం తినే ఏలింది. కొన్నేళ్ళు రాజు దగ్గర పాలన నేర్చుకుని, ఉదయశిల సింహాసనం ఎక్కింది. పట్టాభిషేకం రోజున ఊరి పిల్లలందరూ ఊరేగింపు చూడడానికి కోట ఎదుటి చెట్టెక్కి, "మోపరీ! ఊపు మోపరీ!" అని గోల చేస్తున్నారు. భటులు బల్లేలు పట్టుకుని, "ఏయ్, దిగండి! మూలపురుషుడి పేరు అలా అరవచ్చా?" అని అదిలించారు.

సిరియాలి మహారాణి పల్లకీ ఆపించింది.

"వాళ్ళ నోరు మూయించకండి," అంది. "ఈసారి అందరం అరుద్దాం."

ముందుగా తానే గొంతెత్తి పిలిచింది. చెట్టు నిండా ఉన్న పిల్లలను ఒక్కసారి మెల్లగా ఊపింది మోపరి.